హేజింగ్ మరణాలు: విశ్వవిద్యాలయాలు చేయవలసినది నిషేధమా, సంరక్షణా?

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు అక్కడి విశ్వవిద్యాలయాలలో డిగ్రీ చదువుకు చేరిన తొలి నెలలలోనే ఇంటికి ఫోను చేసి, ఫలానా ఫ్రాటర్నిటీ నుండి పిలుపు వచ్చిందని చెప్పడం ఇప్పుడు అరుదైన విషయం కాదు. ఆడపిల్లలైతే సొరోరిటీ అంటారు. రెండు మూడు గ్రీకు అక్షరాలతో కూడిన ఆ పేరు విని తల్లిదండ్రులు అదేదో ప్రతిభావంతుల సంఘమని సంతోషిస్తారు. ఆ సంతోషాన్ని చెడగొట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ పేరు వెనుక ఉన్న ఒక ఆచారం గురించి, దాని వలన పోతున్న ప్రాణాల గురించి, దానిని అరికట్టడంలో విశ్వవిద్యాలయాల బాధ్యత గురించి ఒక వైద్యునిగా నాకు తోచినది మీ ముందు ఉంచదలచాను.

ముందుగా ఈ సంఘాలేమిటో చూద్దాం. 1776లో విలియం అండ్ మేరీ కళాశాలలో ఏర్పడిన ఫై బీటా కప్పాతో గ్రీకు అక్షరాల పేర్లు మొదలయ్యాయి. అది తరువాత కేవలం చదువులో ప్రతిభకు గుర్తింపునిచ్చే సంస్థగా మారింది. నేడు మనం చూస్తున్న తరహా ఫ్రాటర్నిటీలకు 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కళాశాలలో పుట్టిన కప్పా ఆల్ఫా మూలమని చెబుతారు. సొరోరిటీ అనే మాట 1874లో సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో గామా ఫై బీటా స్థాపనతో వాడుకలోకి వచ్చింది. తమను చేర్చుకోని సంఘాలకు ప్రత్యామ్నాయంగా నల్లజాతి విద్యార్థులు 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫాను స్థాపించుకున్నారు. 1990ల నుండి దక్షిణాసియా సంతతి పిల్లలు కూడా తమ సంఘాలు తాము పెట్టుకున్నారు. 1998లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మొదలైన డెల్టా ఎప్సిలన్ సై అటువంటిదే. ఇంటికి దూరంగా ఉన్న పద్దెనిమిదేళ్ల పిల్లవానికి తోడు, ఉండటానికి చోటు, రేపు ఉద్యోగాల వేళ పరిచయాలు, సేవా కార్యక్రమాలు ఇవన్నీ వీటివలన లభిస్తాయి. అందుకే అవి రెండు శతాబ్దాలుగా నిలిచి ఉన్నాయి.

చిక్కంతా ప్రవేశద్వారం దగ్గర ఉన్నది. చేరదలచిన విద్యార్థిని కొన్ని వారాలపాటు ప్లెడ్జ్ అని పిలుస్తారు. ఆ కాలంలో అతడు తన విధేయతను నిరూపించుకోవాలి. నిరూపణ పేరిట పెట్టే హింసనే హేజింగ్ అంటారు. ఇది కొత్తగా వచ్చిన జాడ్యమేమీ కాదు. 1873లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో కప్పా ఆల్ఫాలో చేరుతున్న ఒక విద్యార్థి, ప్రవేశ తంతులో భాగంగా జరిగిన రాత్రి ప్రయాణంలో లోయలో పడి మరణించాడు. నూట యాభై యేళ్లు గడచినా, తంతు మారింది గాని ఫలితం మారలేదు.

మనకు తెలిసిన ర్యాగింగ్‌కూ దీనికీ పోలిక ఉన్నది, తేడా కూడా ఉన్నది. ఆ తేడాను గుర్తించకపోతే నివారణ గురించి మనం చెప్పేదంతా దారి తప్పుతుంది. ర్యాగింగ్‌లో కొత్త విద్యార్థికి ఎంపిక ఉండదు. కళాశాలలో అడుగుపెట్టడమే అతడు చేసిన నేరం. హేజింగ్‌లో మాత్రం బాధితుడు తానుగా తలుపు తట్టి లోపలికి వెళతాడు. పెట్టే బాధను చేరికకు చెల్లించే రుసుముగా భావిస్తాడు. పెట్టేవాడు నిన్న తాను చెల్లించిన దానిని నేడు వసూలు చేసుకుంటున్నానని అనుకుంటాడు. మెయిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 53 విద్యాసంస్థలలో పదకొండు వేల మందికి పైగా విద్యార్థులను ప్రశ్నించి 2008లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్ని స్పష్టంగా చూపింది. క్లబ్బులు, క్రీడా జట్లు, సంఘాలలో ఉన్నవారిలో 55 శాతం మంది హేజింగ్ అనదగిన అనుభవాలకు లోనయ్యారు. కాని అలా లోనైన పదిమందిలో తొమ్మిది మంది తమకు జరిగినది హేజింగ్ అని భావించలేదు. అలా భావించినవారిలో కూడా 95 శాతం మంది అధికారులెవరికీ చెప్పలేదు. మా వృత్తిలో, తనకు జబ్బున్నదని ఒప్పుకోని రోగికి మందు రాయడం ఎంత కష్టమో, ఇదీ అంతే.

ఇక వైద్యుని దృష్టికి వద్దాం. ఇటీవలి దశాబ్దాలలో హేజింగ్ వలన సంభవించిన మరణాలలో మద్యానిదే పెద్ద పాత్ర. మద్యం గురించి మన సమాజంలో గాని అమెరికా సమాజంలో గాని బలంగా నాటుకున్న ఒక అపోహ ఉన్నది. "నిద్రపోతే దిగిపోతుంది" అన్నదే ఆ అపోహ. కాలేయం గంటకు ఇంచుమించు ఒక ప్రామాణిక పెగ్గును మాత్రమే విచ్ఛిన్నం చేయగలదు. అమెరికా లెక్కలో ఆ ప్రామాణికం 14 గ్రాముల శుద్ధమైన ఆల్కహాలు. సీసాలో సగమో ముప్పాతికో అరగంటలో తాగించి పడుకోబెడితే, అప్పటికి కడుపులో ఉన్న మద్యం ఇంకా రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. అనగా నిద్రలోకి జారిన తరువాత కూడా మత్తు పెరుగుతుంది. ఆ పెరిగే మత్తు మొదట స్పృహను, పిదప గొంతులో ఏదైనా పడితే పొలమారి దగ్గు తెప్పించే సహజ రక్షణను, చివరకు మెదడు అడుగుభాగంలో శ్వాసను నడిపే కేంద్రాన్ని అణచివేస్తుంది. ఈ దశలో వాంతి అయితే అది ఊపిరితిత్తులలోకి పోతుంది. వాంతి కాకపోయినా ఊపిరి మందగించి ఆగిపోవచ్చు. రక్తంలో చక్కెర పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. కాఫీ తాగించడం, చన్నీళ్లు పోయడం వంటివి మత్తును ఏమాత్రం దించవు. చన్నీళ్ల వలన ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

అంకెలలో చెప్పాలంటే, మన దేశంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే వాహనం నడపడం నేరం. అమెరికాలో అత్యధిక రాష్ట్రాలలో ఆ హద్దు 80. 2021 మార్చిలో ఒహాయో రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో, కొత్త సభ్యునికి పాత సభ్యుడొకడు 'అన్న'గా ఏర్పడే వేడుకలో, సీసా మొత్తం తాగాలన్న సంప్రదాయానికి బలైన విద్యార్థి రక్తంలో ఆ పరిమాణం 350. 2017 సెప్టెంబరులో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో మరణించిన మాక్స్ గ్రూవర్ రక్తంలో 495. అక్కడ ఆడిన ఆటకు పెట్టుకున్న పేరు "బైబిల్ స్టడీ". ఫ్రాటర్నిటీ చరిత్ర గురించి ప్రశ్నలు అడిగి, తప్పు చెప్పినవానికి గాఢమైన మద్యాన్ని పట్టించడమే ఆ ఆట. ఈ మోతాదులలో రోగి మా అత్యవసర విభాగానికి వస్తే మేము చేసేది గొప్ప విద్యేమీ కాదు. శ్వాసమార్గాన్ని కాపాడి, అవసరమైతే గొట్టం వేసి, ప్రాణవాయువు అందించి, చక్కెర చూసి, శరీరాన్ని వెచ్చగా ఉంచి, కాలేయం తన పని తాను చేసేదాకా వేచి ఉండటమే. సకాలంలో వచ్చినవారిలో చాలామంది మరుసటి రోజుకు కోలుకుంటారు. అందుచేత ఈ మరణాలలో అధికభాగం ఆలస్యం వలన సంభవించినవేనని నా నమ్మకం.

2017 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో జరిగిన టిమొతీ పియాజా మరణాన్ని ఈ కోణంలో చూడండి. బీటా థీటా పై ఇంటిలో గంటన్నర లోపే అతనిచేత పద్దెనిమిది డ్రింకులు తాగించినట్లు విచారణలో తేలింది. రాత్రి నేలమాళిగ మెట్లమీద నుండి పడిపోయాడు. పుర్రెకు దెబ్బ తగిలింది, ప్లీహం చితికింది. ఆ ఇంట్లో అమర్చిన కెమెరాలలో ఆ రాత్రంతా నమోదైంది. స్నేహితులు అతనిని సోఫామీద పడుకోబెట్టి, వెల్లకిలా తిరగకుండా ఉండటానికి పుస్తకాలతో నింపిన సంచిని వీపుకు తగిలించారు. 911కు ఫోను చేసినది మాత్రం మరునాటి ఉదయం, దాదాపు పన్నెండు గంటల తరువాత.

ఆ పుస్తకాల సంచిని నేను మరువలేకపోతున్నాను. వాంతి చేసుకుంటే వెల్లకిలా ఉన్నవానికి ప్రమాదమని ఆ యువకులకు తెలుసు. అంటే అజ్ఞానం కాదు. ఎవరో ఎప్పుడో ఇచ్చిన అవగాహన సదస్సు వారి తలకెక్కింది కూడా. అయినా ఫోను తీయలేదు. ఎందుకు? అక్కడ మద్యం సేవించడానికి చట్టబద్ధమైన వయసు 21. ఫోను చేస్తే పోలీసులు వస్తారు, సంఘం గుర్తింపు పోతుంది, తమ పేర్లు బయటపడతాయి. ప్రాణభయం కన్నా పరువుభయం పెద్దదయింది. పైగా మద్యం వాసన తలగాయాన్ని కప్పిపుచ్చుతుంది. మత్తులో తూలుతున్నాడా, మెదడులో రక్తం గడ్డకడుతూ తూలుతున్నాడా అన్నది పైకి చూసి తేల్చడం అనుభవమున్న వైద్యునికే సాధ్యం కాదు; స్కాన్ తీయాలి. మన ఊళ్లలో కాజువల్టీ డ్యూటీ చేసిన ఏ వైద్యుని అడిగినా ఈ మాటే చెబుతారు. తాగి పడినవానిని "తాగుబోతు" అని పక్కన పెట్టరాదన్నది మాకు నేర్పిన తొలి పాఠాలలో ఒకటి.

మద్యం లేకుండా కూడా మరణాలున్నాయి. 2005లో కాలిఫోర్నియాలోని చికోలో ఒక విద్యార్థిచేత చలి నేలమాళిగలో వ్యాయామం చేయిస్తూ గుక్క తిప్పుకోనివ్వక నీళ్లు తాగించారు. మంచినీళ్లే కదా అనుకుంటాము. కొద్ది గంటలలో లీటర్లకొద్దీ నీరు పోస్తే రక్తంలో సోడియం పడిపోయి, మెదడు ఉబ్బి, మూర్ఛలు వచ్చి మనిషి చనిపోతాడు. అదే జరిగింది. వందలకొద్దీ బస్కీలు తీయిస్తే కండరాలు చితికి, వాటి నుండి వెలువడే పదార్థాలు మూత్రపిండాలను పాడుచేస్తాయి. మూత్రం కోలా రంగులోకి మారడం దానికి గుర్తు. సొరోరిటీలలో దెబ్బలు, మరణాలు తక్కువగా వినిపించినా, నిద్ర లేకుండా చేయడం, శరీరాకృతిని పదిమందిలో ఎగతాళి చేయడం, ఒంటరిని చేయడం వంటివి బయటపడుతూనే ఉన్నాయి. అవి మరణ ధ్రువపత్రంలో కనిపించవు. ఆహార రుగ్మతలుగా, కుంగుబాటుగా ఏళ్ల తరువాత మరో ఊరిలో, మరో వైద్యుని ముందు కనిపిస్తాయి.

మరి విశ్వవిద్యాలయం ఏం చేయాలి? "మూసివేయండి, అంతే" అన్నది సులువుగా వచ్చే సమాధానం. కడుపుకోతకు గురైన తల్లిదండ్రులు ఆ మాట అంటే కాదనడానికి ఎవరికీ నోరు రాదు. అయినా నేను ఆ పక్షాన లేను. గుర్తింపు రద్దయిన సంఘం మాయమైపోదు. క్యాంపస్ బయట అద్దె ఇంటిలోకి మారుతుంది. అక్కడ సలహాదారు ఉండడు, భద్రతా సిబ్బంది ఉండరు, ఫిర్యాదు చేయడానికి కార్యాలయం ఉండదు. కంటికి దూరమైనప్పుడు ఏమవుతుందో 2013 డిసెంబరులో జరిగిన ఘటన చెబుతుంది. న్యూయార్క్‌లోని బరూక్ కళాశాలకు చెందిన పై డెల్టా సై సభ్యులు పెన్సిల్వేనియాలోని పోకోనో కొండలలో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. కొత్తవారి కళ్లకు గంతలు కట్టి, వీపున బరువుల సంచి పెట్టి, గడ్డకట్టిన నేలమీద నడిపిస్తూ మీదపడి తోసివేశారు. చైనా సంతతికి చెందిన మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు తలకు దెబ్బ తగిలి స్పృహ కోల్పోయాడు. వారు వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లకుండా అంతర్జాలంలో లక్షణాలు వెదుకుతూ కూర్చున్నారు. 2018లో న్యాయస్థానం ఆ ఫ్రాటర్నిటీని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పదేళ్లపాటు నిషేధించింది. ఆ సంఘం ఆసియా సంతతి విద్యార్థులది. వలస వచ్చిన జాతి పడిన కష్టాలకు ప్రతీకగా ఆ తంతును వారు చెప్పుకున్నారు. మన పిల్లలు మన పిల్లల మధ్యనే ఉంటే క్షేమమని భావించే తెలుగు తల్లిదండ్రులు ఈ ఉదంతాన్ని ఒకసారి ఆలోచించవలసి ఉన్నది.

కాబట్టి దూరం పెట్టడం కన్నా దగ్గరకు తీసుకోవడం మేలు. అయితే దగ్గరకు తీసుకోవడమంటే పేరుకు ఒక కార్యాలయం తెరచి, డజన్లకొద్దీ సంఘాలను ఒకరిద్దరు యువ ఉద్యోగులకు అప్పగించి, ఏటా ఒకసారి ఉపన్యాసం ఇప్పించడం కాదు. ఈ సంఘాల వలన విశ్వవిద్యాలయాలకు లాభం ఉన్నది. విద్యార్థులకు వసతి దొరుకుతుంది. పూర్వ విద్యార్థులు విరాళాలు ఇస్తారు. లాభం తీసుకునేవారు బాధ్యత కూడా తీసుకోవాలి. బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయం ఆ విద్యార్థి కుటుంబానికి 2023లో 29 లక్షల డాలర్లు చెల్లించింది. అందులో కొంత భాగమైనా ముందుగా ఖర్చుపెట్టి ఉంటే అని అనుకోకుండా ఉండలేము.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది చేరికను వాయిదా వేయడం. ఇల్లు విడిచి వచ్చిన తొలి వారాలలో పిల్లవాడు ఎంత ఒంటరిగా ఉంటాడో అంత సులువుగా లొంగుతాడు. ఒక సెమిస్టరు గడిస్తే అతనికి తరగతిలో, వసతిగృహంలో స్నేహితులు ఏర్పడతారు. "మీ సంఘం వద్దు" అనగలిగే బలం వస్తుంది. 2017 తరువాత పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం ఈ మార్గాన్నే అనుసరించింది. సంఘాల క్రమశిక్షణ వ్యవహారాలను విద్యార్థి మండలి చేతుల నుండి తన చేతుల్లోకి తీసుకున్నది. పియాజా పేరిట పరిశోధనా కేంద్రాన్ని నెలకొల్పింది. సిగ్మా ఆల్ఫా ఎప్సిలన్ 2014లో ప్లెడ్జ్ దశనే రద్దు చేసింది. ఫై డెల్టా థీటా 2000 నుండి తన ఇళ్లలో మద్యానికి తావు లేకుండా చేసింది. బయటి ఒత్తిడికి తోడు లోపలివారి సంకల్పం కూడా ఉంటే మార్పు సాధ్యమేనని ఇవి తెలుపుతున్నాయి. ఆ ఇళ్లలో శిక్షణ పొందిన పెద్దవారొకరు జీతం మీద నివసించే ఏర్పాటు కూడా కావాలి. రాత్రి రెండు గంటలకు తలుపు తట్టడానికి ఒక పెద్దమనిషి ఉన్న ఇల్లు వేరు, లేని ఇల్లు వేరు.

రెండవది, ఫోను చేసినవానికి రక్షణ. ఫ్లోరిడాలో 2019లో వచ్చిన ఆండ్రూ చట్టం, మొదట 911కు ఫోను చేసి సాయం అందేవరకు అక్కడే ఉండి సహకరించినవానిని హేజింగ్ నేరవిచారణ నుండి మినహాయించింది. ఇటువంటి మినహాయింపును విద్యార్థికే కాక, వెంటనే పిలిచిన సంఘానికి కూడా విశ్వవిద్యాలయం తన నియమావళిలో కొంతమేర కల్పించాలని నా అభిప్రాయం. దోషులు తప్పించుకుంటారని కొందరు అభ్యంతరం చెబుతారు. కొందరు తప్పించుకోవచ్చు. ఊపిరి ఆగుతున్న పిల్లవాని పక్కన నిలుచున్నవాడు శిక్షను లెక్కవేస్తూ కూర్చోవడం కన్నా అది నయం. లూసియానాలో మాక్స్ గ్రూవర్ పేరిట, ఒహాయోలో కాలిన్ పేరిట వచ్చిన చట్టాలు శిక్షలను కఠినతరం చేశాయి. అది న్యాయమే. కాని శిక్ష, రక్షణ కలిసి నడవాలి. శిక్ష ఒక్కటే పెరిగితే ఆ మౌనం మరింత గట్టిపడుతుందని నా భయం.

మూడవది పారదర్శకత. 2024 డిసెంబరులో అమెరికా కేంద్ర ప్రభుత్వం హేజింగ్ నివారణకు తొలిసారి దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. దాని ప్రకారం విశ్వవిద్యాలయాలు హేజింగ్ ఘటనల లెక్కలను వార్షిక భద్రతా నివేదికలో చేర్చాలి. నిబంధనలు ఉల్లంఘించినట్లు తేలిన సంఘాల పేర్లు, జరిగినది, తీసుకున్న చర్యలు తమ వెబ్‌సైటులో అందరికీ కనిపించేటట్లు ప్రకటించాలి. బాధితుడు ఒప్పుకున్నాడా లేదా అన్న ప్రశ్నకు తావు లేకుండా ఆ చట్టం హేజింగ్‌ను నిర్వచించింది. "వాడే ఇష్టపడి తాగాడు" అన్న వాదానికి దీనితో బలం పోయినట్లే.

మన దేశంలో 1997లో ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. 2009లో హిమాచల్‌లోని ఒక వైద్యకళాశాలలో జరిగిన విద్యార్థి మరణం తరువాత యూజీసీ నిబంధనలు వచ్చాయి. ఏటా విద్యార్థి, తల్లిదండ్రులు ప్రమాణపత్రం ఇవ్వాలి. ఎంతమంది దానిని చదివి సంతకం చేస్తున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అమెరికా కొత్త చట్టం కూడా కాగితాల తంతుగా మిగిలిపోకుండా ఉండాలంటే ఆ నివేదికలను తెరచి చదివేవారుండాలి. చదవవలసినవారు తల్లిదండ్రులే.

మీ పిల్లలో మనుమలో ఒక సంఘంలో చేరుతున్నామంటే కోప్పడకండి. కోప్పడితే తదుపరి ఫోను రాదు. విశ్వవిద్యాలయం పేరు, హేజింగ్ నివేదిక అని వెదికి, ఆ సంఘం పేరు అందులో ఉన్నదేమో వారితో కలిసి చూడండి. ఆ ఇంటిలో పెద్దవారెవరైనా నివసిస్తున్నారా అని అడగండి. ఫోనులో హఠాత్తుగా మాటలు తగ్గినా, నిద్ర లేనట్లు గొంతు మారినా, "చెప్పకూడదు" అన్న మాట వినిపించినా శ్రద్ధ వహించండి. ఈ కింది నాలుగు మాటలు మాత్రం ఇప్పుడే, ఏ సంఘంలో చేరినా చేరకపోయినా వారికి పంపండి. తాగి పడుకున్న స్నేహితుని లేపితే లేవకపోయినా, నిమిషానికి ఎనిమిదికన్నా తక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, రెండు ఊపిరుల మధ్య పది సెకన్ల విరామం వస్తున్నా, పెదవులు నీలిరంగుకు మారినా, ఒళ్లు చల్లబడినా, మూర్ఛ వచ్చినా, తలకు దెబ్బ తగిలినా ఇక ఆలోచన వద్దు. అతనిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, 911కు ఫోను చేసి, అంబులెన్సు వచ్చేవరకు అక్కడి నుండి కదలకండి.